సేనాపతి చావు, స్వామి నవ్వు

మా ఆయన బాన్‌హోక్ చావడంలో దిట్ట. మీసాలు సరిగ్గా రాకముందే మొదలుపెట్టి, జుట్టు నెరిసేదాకా చస్తూనే ఉన్నాడు. కత్తిపోట్లకు చచ్చాడు, బాణాలకు చచ్చాడు, మేడ మీంచి పడి చచ్చాడు. హీరో తంతే గుమ్మడికాయల బండి మీద పడి కూడా చచ్చాడు. మా తైవాన్‌లో కత్తియుద్ధాల సినిమాలు వరసపెట్టి తీసే రోజుల్లో పొద్దున ఒక సినిమాలో దొంగగా పోయేవాడు, మధ్యాహ్నం పక్క సినిమాలో ఆ దొంగల్ని పట్టబోయిన భటుడిగా పోయేవాడు. ఇన్ని చావుల్లో ఒక్కదానిలోనూ ఆయన ముఖం తెర మీద కనపడలేదు. వీపు కనపడేది, కాళ్లు కనపడేవి, ముసుగు కనపడేది. "అదుగో, ఎడమ పక్క మూడో శవం, అది నేనే" అని థియేటర్లో నన్ను మోచేత్తో పొడిచేవాడు. నేను కళ్లు చికిలించి చూసేలోపు హీరో ఆ శవాన్ని దాటుకుని వెళ్లిపోయేవాడు.

శవం వేషం కట్టినవాడు ఇంటికొస్తే కీడు పోవడానికి పంది కాళ్లు మెత్తగా ఉడికించి, సన్న సేమ్యాలో వేసి పెట్టాలని మా ఆచారం. పెళ్లయిన కొత్తలో భక్తిగానే చేశాను. కానీ వారానికి మూడేసి చావులు చచ్చేవాడికి ఎన్ని పంది కాళ్లని వండుతాం? చివరికి గుమ్మంలోనే నిలేసి అడిగేదాన్ని, "ఇవాళ చచ్చావా, దెబ్బలు తిన్నావా?" అని. దెబ్బలైతే మామూలు కూర.

ఆ సినిమాలు పోయాయి. కత్తులు చూసే జనం పోయారు. నడుము పట్టేసిన మొగుణ్ణి తీసుకుని నేను పుట్టిన ఊరు కాంగ్‌బేకి వచ్చేశాను. పడమటి సముద్రం ఒడ్డున ఉప్పుమళ్లు, రొయ్యల చెరువులు, ఆల్చిప్పల గుట్టలు తప్ప మా ఊళ్లో చెప్పుకునేదేమీ లేదు. నేను ఆల్చిప్పలు చీల్చి లోపలి కండ తీసే పనికి కూర్చున్నాను. ఇప్పటికీ అదే పని. ఈ చేతులు చూస్తే మీకే తెలుస్తుంది. ఆయన మాత్రం సినిమాని వదల్లేకపోయాడు. ఒక పాత నీలం ట్రక్కు, ఇనప గొట్టాలు, తెల్లగుడ్డ తెర, ప్రొజెక్టరు సంపాదించి గుళ్ల దగ్గర సినిమాలు వేసేవాడయ్యాడు.

మా వైపు మొక్కు తీరితే స్వామికి సినిమా చూపిస్తారు. పిల్లాడు పరీక్ష పాసయినా, పడవ తుపాన్లోంచి తిరిగొచ్చినా, తెర గుడికి ఎదురుగా కట్టించి స్వామికి ఒక సినిమా వేయిస్తారు. మనుషులు చూస్తే చూస్తారు, లేకపోతే లేదు. ఈ మధ్య చూడటం లేదు. ఇంట్లో టీవీలున్నాయి, చేతుల్లో ఫోన్లున్నాయి. గుడి ముందు ఖాళీ కుర్చీలు, రెండు కుక్కలు, సాసేజీలు కాల్చి అమ్ముకునే ఆచున్, గర్భగుడిలో నల్లటి ముఖంతో మా ఓంగ్యా స్వామి. అంతే ప్రేక్షకులు. వాన పడ్డా సినిమా ఆపకూడదు, ఎందుకంటే స్వామి లోపల తడవకుండా కూర్చుని ఉంటాడు.

నేను నవ్వితే మా ఆయనకి కోపం వచ్చేది. "నవ్వకు. మధ్యలో లేచి పోకుండా, కబుర్లు చెప్పకుండా, ఏళ్ల తరబడి రోజూ సినిమాలు చూసినవాడు ఈ దేశంలో ఇంకెవడున్నాడో చెప్పు" అనేవాడు. "పైగా ఆయన బతికున్నప్పుడు సేనాపతి. కత్తి పట్టుకోవడం ఎవడికొచ్చో ఎవడికి రాదో ఆయనకి తెలీదా?"

అలాంటి స్వామికి ఒకసారి మొక్కుకున్నాడు. "ఒక్క సినిమాలో నా ముఖం కనపడే వేషం ఇప్పించు స్వామీ. ఆ సినిమా మొదట్నుంచి చివరిదాకా నీకే చూపిస్తాను" అని. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎక్కుతానందట అని నేను వెక్కిరించాను. నడుం వంచి చెప్పు తొడుక్కోలేని మనిషికి ఇక వేషమేమిటని అప్పుడు నా ఉద్దేశం.

స్వామి ఆలస్యంగా విన్నాడు. మా ఆయనకి అరవై రెండు నడుస్తుండగా కీబున్ వచ్చాడు. కీబున్ మా ఊరి ఉప్పు కామందు మనవడు. తైపేయిలో సినిమా చదువు చదివి, ఎవరూ సినిమా ఇవ్వక, తనే తీస్తానని ఊరికి తిరిగొచ్చాడు. చేతిలో కెమెరా ఉంది, వెనక నలుగురు స్నేహితులున్నారు, అంతకు మించి ఏమీ లేదు.

"బాబాయ్, మీరే నా సేనాపతి" అన్నాడు మా వాకిట్లో ఆల్చిప్పల గుట్ట పక్కన నిలబడి.

"ఎన్నో సీన్లో చావాలి?" అన్నాడు మా ఆయన, ప్రొజెక్టరు మరలు బిగిస్తూ, ముఖం ఎత్తకుండా.

"చివర్లో. అందాకా మీరే. సినిమా అంతా మీరే."

మా ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. నేను లోపలికి వెళ్లి టీ పెట్టాను. ఎందుకో రెండుసార్లు పంచదార వేశాను.

కథ చెప్పాలంటే ఇలా ఉంటుంది. మూడువందల ఏళ్ల కిందటి సేనాపతి ఒకడు యుద్ధంలో ఓడి, పడవలో పారిపోతుంటే తుపానులో సుడిగుండం పట్టుకుంటుంది. ఆ సుడిగుండం కాలంలోంచి ఈడ్చి ఇవాళ్టి ఉప్పుమళ్లలో పడేస్తుంది. ఆయన వెనకే శత్రువులూ వచ్చి పడతారు. ఉప్పుమళ్లు లాక్కునే రౌడీలతో ఒక పోరు, పాత శత్రువులతో ఒక పోరు, మధ్యలో ఇరవైనాలుగ్గంటల దుకాణంలో కప్పు నూడిల్స్ మూత తియ్యడం రాక దానితోనూ ఒక పోరు. చివరికి ఊరి జనాన్ని కాపాడి ఉప్పులో పడి చనిపోతాడు. సినిమా పేరు 'ఉప్పుమళ్లలో సేనాపతి'.

కాలసుడిగుండం కోసం చ్వా పెద్దయ్య రొయ్యల చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ మీద ఎర్రదీపాలు, పచ్చదీపాలు వేసి తీశారు. చ్వా పెద్దయ్యంటే మా గుడి కమిటీకి పెద్ద. రొయ్యలు బెదిరిపోతాయని గట్టు మీద నిలబడి షూటింగంతా తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లు కొన్ని సినిమాలో వినపడతాయి కూడా. శత్రుసైన్యంలో ఉన్నది తొమ్మిదిమంది. కుడివైపు చచ్చినవాళ్లు లేచి కెమెరా వెనకనుంచి పరిగెత్తుకుంటూ ఎడమవైపు వచ్చి మళ్లీ చచ్చారు. వాళ్లందరికీ చావడం నేర్పింది మా ఆయనే. సాయంత్రం ఇంటికొచ్చి నేల మీద బోర్లా పడుకుంటే నడుముకి వేడి ఉప్పు మూట కాపడం పెట్టేదాన్ని. "ఎందుకయ్యా ఈ వయసులో" అంటే "ఇంకాస్త పైన పెట్టు" అనేవాడు.

సినిమా విడుదలయింది. అక్కణ్ణుంచి మొదలయింది అసలు కథ.

తైపేయిలో ఒక పత్రిక, 'ఈ సినిమాలో సగం చెత్త, సగం బంగారం, విడదీసే జల్లెడ మాత్రం లేదు' అని రాసింది. ఇంకో పత్రిక చివరి చావు చూసి ఏడ్చామని రాసింది. మరొకడు ఆ చావు దగ్గరే నిద్రపోయానని రాశాడు. ఇంటర్నెట్టులో కుర్రాళ్లు మెరుపులు వానపాముల్లా ఉన్నాయని, సుడిగుండంలోంచి రొయ్య ఒకటి ఎగిరిపడిందని ముక్కలు కత్తిరించి పెట్టుకుని నవ్వారు. అదే ముక్క కింద ఎవడో, 'నవ్వండిగానీ, ఆ ముసలాయన కళ్లు చూడండి' అని రాశాడట. కీబున్ వచ్చి అన్నీ చదివి వినిపించాడు. మా ఆయన అన్నీ విన్నాడు. "ఇంతకీ బాగుందంటున్నారా, బాగాలేదంటున్నారా?" అన్నాడు.

"రెండూ అంటున్నారు బాబాయ్."

"రెండూ ఎలా అంటారురా? చస్తే చచ్చినట్టుండాలి, లేకపోతే లేదు."

మా ఊరి సంగతి ఇంకా ఘోరం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. పంచాయితీ హాల్లో వేస్తే ఊరంతా వచ్చింది, సినిమా చూడటానికి కాదు, ఎవరి పెంకుల కప్పు ఎక్కడ కనపడుతుందో చూసుకోవడానికి. ఏరేటర్ కనపడగానే చప్పట్లు కొట్టారు. చివర్లో సేనాపతి ఉప్పులో కూలబడి, ఇక పోతాడనగా, వెనక వరసలోంచి ఆచున్ గొంతు, "హోక్ అన్నా! పోయేముందు నా నీళ్ల గొట్టం ఇచ్చి పో!" అంది. హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. నేను లేచి వెనక్కి తిరిగి ఆచున్‌ని, వాడి సాసేజీలని, వాడి ఏడుతరాల వాళ్లని కడిగేశాను. నేను కడగడం అయ్యేసరికి తెర మీద పేర్లు పడుతున్నాయి. మొగుడి చావు చూద్దామని వచ్చి మొగుడి చావే చూడలేకపోయాను.

ఆ రోజు నుంచి మా ఆయన మాట తగ్గిపోయింది. ఆయనకి కీర్తి అక్కర్లేదు, ఇంకో సినిమా అక్కర్లేదు. ఆ చావు బాగా వచ్చిందా, రాలేదా? అదొక్కటి తెలియాలి. జీవితమంతా చేసిన పని అదొక్కటే, ముఖం చూపించి చేసింది అదొక్కసారే. తైపేయి వాళ్ల ఏడుపూ నమ్మలేదు, ఊళ్లోవాళ్ల నవ్వూ నమ్మలేదు. నన్ను అడగలేదు. నేను చూడలేదని ఆయనకి తెలుసు. "స్వామి చూస్తాడు" అన్నాడు. "ఆయన చూస్తే నాకు తెలుస్తుంది."

ఎలా తెలుస్తుందని నేనడగలేదు. నాకూ ఓపిక అయిపోయింది. ఆల్చిప్పలు చీలుస్తూ, స్వామీ, ఏదో ఒకటి చెప్పి ఈయన్ని నిద్రపోనివ్వు అని మాత్రం అనుకున్నాను.

స్వామి పుట్టినరోజు ఉత్సవాల్లో ఒక సాయంత్రం, ఆ సినిమా స్వామికి వేస్తామని అడగడానికి గుడికి వెళ్లాం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, అక్కడ చ్వా పెద్దయ్య అడ్డం కూర్చున్నాడు. ఆయన సినిమా చూడలేదు. రొయ్యల మీద కోపంతో హాలుకి రాలేదు.

"చివర్లో ఏమవుతుందిరా?" అని అడిగాడు.

"సేనాపతి పోతాడు పెద్దయ్యా."

"పుట్టినరోజు పూట స్వామికి చావు చూపిస్తావా? బుద్ధుందా? స్వామి సినిమాలు పెళ్లితోనో, గెలుపుతోనో ముగియాలి. నీకు నేను చెప్పాలా? నువ్వే కదా ఇన్నేళ్లు వేసింది!"

"మొదట్నుంచి చివరిదాకా చూపిస్తానని మొక్కుకున్నాను."

"మొక్కుకునేటప్పుడు కథ అడిగి మొక్కుకోవాలి."

"అప్పటికి కథ లేదుగా పెద్దయ్యా."

ఇద్దరూ మొండివాళ్లే. చివరికి స్వామినే అడుగుదామన్నారు. మా దగ్గర స్వామిని అడగాలంటే చంద్రవంక లాంటి రెండు చెక్కముక్కలు నేలకి వేస్తాం. ఒక్కోదానికి ఒకవైపు చదును, ఒకవైపు గుండ్రం. ఒకటి చదునుగా, ఒకటి గుండ్రంగా తేలితే సరేనన్నట్టు. రెండూ గుండ్రంగా తేలితే వద్దన్నట్టు. రెండూ చదునుగా తేలితే స్వామి నవ్వాడన్నట్టు, అటూ ఇటూ చెప్పలేదన్నట్టు.

మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని, నడుము సహకరించక ఒక చెయ్యి నేలకానించి, చెక్కలు కళ్లకద్దుకుని వేశాడు. రెండూ చదునుగా తేలాయి. నవ్వు.

మళ్లీ వేశాడు. మళ్లీ నవ్వు. మూడోసారి వేస్తే ఒక చెక్క దొర్లుతూ దొర్లుతూ వెళ్లి బల్ల కాలికి తగిలి ఆగింది. అందరం వంగి చూశాం. అదీ నవ్వే.

"చూశావా, స్వామికీ నవ్వొచ్చింది" అన్నాడు ఆచున్, చేతిలో పటకారుతో గుమ్మం దగ్గర నిలబడి.

"నోరు ముయ్యరా. నవ్వడమంటే ఇష్టమని" అన్నాను నేను.

"ఇష్టమైతే సరేననేవాడు కదా వదినా. ఇది తైపేయి పేపరోళ్ల వరసలాగుంది."

చ్వా పెద్దయ్య గొంతు సవరించుకున్నాడు. "వద్దనలేదు, కాబట్టి సినిమా వెయ్యి. సరేననలేదు, కాబట్టి చావు వెయ్యకు. సేనాపతి గెలిచి కత్తి ఎత్తుతాడు చూడు, అక్కడ ఆపెయ్. అంతే."

మా ఆయన వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. చెక్కలు తీసి పళ్లెంలో పెట్టి, బల్ల పట్టుకుని నెమ్మదిగా లేచాడు. ఆ లేవడం చూస్తే నాకు ఏడుపొచ్చింది. చావుకి ముందు ఆపేస్తే స్వామి చూసేది మిగతా చెత్తంతా, వానపాముల మెరుపులు, రొయ్యల సుడిగుండం. చూడాల్సింది మాత్రం చూడడు. ఈయనకి చెప్పేవాడు ఇంకెవడూ లేడు.

పొద్దుగుంకేసరికి తెర కట్టాడు. ముందు ఎప్పుడూ వేసే చిన్న ముక్క వేశాడు, ముగ్గురు దేవతలు వచ్చి దీవించి పోయేది. తర్వాత సేనాపతి మొదలయింది. సన్నగా తుంపర పడుతోంది. నేను ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు వేసుకుని కూర్చున్నాను. ఆచున్ బొగ్గులు విసురుకుంటున్నాడు. చ్వా పెద్దయ్య, సరిగ్గా కత్తి ఎత్తిన చోట ఆపుతాడో లేదో కాపలా కాయడానికి, గుడి మెట్ల మీద కూర్చున్నాడు.

మొదట్లో పెద్దయ్య గొణుగుడే వినపడింది. "అది నా ఏరేటరే. నా రొయ్యలు ఆ సంవత్సరం సగం పోయాయి." తర్వాత గొణుగుడు తగ్గింది. కప్పు నూడిల్స్ దగ్గర నవ్వాడు. రౌడీలు ఉప్పుమడిలో ముసలమ్మ గుడిసె పీకేటప్పుడు "వీళ్లమ్మ కడుపు కాలా" అన్నాడు. సేనాపతి ఒంటరిగా గట్టు మీద నిలబడి శత్రువులు రావడం చూస్తుంటే, పెద్దయ్య మెట్ల మీంచి లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. తడి కుర్చీ తుడుచుకోలేదు కూడా.

పోరు అయింది. శత్రువులు పడ్డారు. సేనాపతి కత్తి ఎత్తాడు. బొమ్మ అక్కడ ఆగిపోయింది.

"ఏమైందిరా?" అన్నాడు పెద్దయ్య.

"ఆపమన్నారుగా" అన్నాడు మా ఆయన ప్రొజెక్టరు దగ్గర్నుంచి.

"పక్కలో బల్లెం దిగిందిగా వాడికి! నేను చూశాను. తర్వాతేమైంది?"

"పోతాడు. చెప్పానుగా."

"ఎలా పోతాడు?"

పెద్దయ్య కుర్చీలో ఇటు తిరిగాడు, అటు తిరిగాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అక్కడ స్వామి ఆన, ఇక్కడ చూడకపోతే నిద్రపట్టని ఆత్రం. ఆచున్ కూడా పటకారు వదిలేసి వచ్చాడు. "నేనూ సరిగ్గా చూళ్లేదన్నా ఆ రోజు. వదిన తిట్లే విన్నాను" అన్నాడు.

ఉన్నట్టుండి పెద్దయ్య లేచాడు. గుడిలోకి వెళ్లి, ఊళ్లో శవం వెళ్తున్నప్పుడు స్వామికి ఎదురు పడకుండా కప్పే ఎర్రగుడ్డ తీశాడు. నాకు అప్పుడర్థమైంది ఆయన చెయ్యబోయేది.

"స్వామీ, వీధిలో శవం వెళ్తోంది. కాసేపు కళ్లు మూసుకోండి" అని, గుడ్డ స్వామి ముఖం మీంచి కప్పేశాడు. తిరిగొచ్చి కూర్చుని, "ఊఁ, వెయ్యి" అన్నాడు.

మా ఆయన ప్రొజెక్టరు మీంచి చెయ్యి తీసేశాడు. "మొక్కింది ఆయనకి పెద్దయ్యా. మీకు కాదు."

"స్వామికి గెలుపుదాకా చూపించావు. ఈ చావు మేం చూస్తాం."

"మీ కోసం తియ్యలేదు ఇది."

"ఒరేయ్ హోక్, స్వామి ఎప్పుడూ ఉంటాడు. మేం రేపుంటామో లేదో తెలీదు. వెయ్యరా."

ఆయన వెయ్యడనుకున్నాను. ఆ ఒక్క ప్రేక్షకుడి కోసం ఇన్నేళ్లు ఆగాడు, ఆ ప్రేక్షకుడి ముఖం మీదే గుడ్డ కప్పేశారు. నాకు పెద్దయ్య మీద ఒళ్లు మండిపోయింది. మా ఆయన మాత్రం ఎర్రగుడ్డ వంక చూశాడు, మమ్మల్ని చూశాడు. ఏళ్ల తరబడి ఎవరు పడమంటే వాళ్ల కోసం పడ్డ మనిషి కదా, చెప్పిన మాట వినడం ఒంటికి అలవాటైపోయింది. మీట నొక్కాడు.

ఆ చావు నేను మొదటిసారి చూశాను. సినిమాల్లో చచ్చేవాళ్లు గింగిరాలు తిరుగుతారు, చేతులు బారచాపుతారు. ఈయన నేర్పినవే అవన్నీ. తెర మీద సేనాపతి అవేమీ చెయ్యలేదు. పని ముగించుకున్న మనిషిలా ఉప్పులో కూర్చున్నాడు. తలకి ఉన్న ఇనప టోపీ తీశాడు. ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూసి, బురద లేని చోట పెట్టాడు. బల్లెం దిగిన పక్కన చెయ్యి వేసుకుని, తెల్లటి ఉప్పు మీద ఒక పక్కకి ఒరిగి, మోకాళ్లు కాస్త ముడుచుకున్నాడు. ముఖం నిండా తెర. కళ్లు తెరిచే ఉన్నాయి. గాలికి ఉప్పురవ్వలు వచ్చి కనురెప్పల మీద పడ్డాయి, రెప్ప కదల్లేదు.

ఆచున్ సాసేజీలు మాడుతున్న వాసన వస్తోంది, వాడు వెళ్లలేదు. నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన తెర వంక చూడటం లేదు. ఎర్రగుడ్డ వంకే చూస్తున్నాడు.

పేర్లు పడ్డాయి. పెద్దయ్య ముఖం తుడుచుకుని, "పొగ" అన్నాడు. వెళ్లి స్వామి ముఖం మీది గుడ్డ తీసి, మొక్కు చెల్లిందా లేదా అడగాలి కనక తనే చెక్కలు వేశాడు. మొదటిసారికే ఒకటి చదును, ఒకటి గుండ్రం. సరే.

"చెల్లిందిరా హోక్! స్వామికి తృప్తిగా ఉంది!" అని కేకేశాడు.

"కళ్లకి గుడ్డ కప్పుకుని తృప్తి అంటున్నాడు" అన్నాడు మా ఆయన నెమ్మదిగా. "అడిగినప్పుడు నవ్వాడు. చూడకుండా సరేనన్నాడు."

ఆచున్ మాడిన సాసేజీలు తిరగేస్తూ, "చివర బాగుందన్నా. కానీ ఆ మెరుపులు మాత్రం..." అన్నాడు. "మెరుపులకేం, బాగానే ఉన్నాయి, మధ్యలో ఆ దుకాణం గొడవే ఎక్కువైంది" అన్నాడు పెద్దయ్య. ఇద్దరూ వాదించుకుంటూ బొగ్గుల దగ్గరికి పోయారు. మొదట్లో ఏ మాటలు విన్నామో మళ్లీ అవే మాటలు.

మేమిద్దరం తెర విప్పాం. తడిసిన గుడ్డ బరువెక్కింది. చెరో అంచు పట్టుకుని మడుస్తున్నాం. ఆయనకి నడుము వంగడం లేదు, నేనే దగ్గరికి నడిచి అంచులు కలుపుతున్నాను. అలసిపోయాను. అలసిపోయిన మనిషి పక్కన అలసిపోవడం ఇంకో రకం అలసట.

"నువ్వు చూశావు కదా" అన్నాడు.

"చూశాను."

"ఎలా ఉంది?"

ఇంత కాపురంలో ఒక్క చావు గురించీ ఆయన నన్నలా అడగలేదు. నా నోట్లో ఎప్పుడూ ఒక వెటకారం సిద్ధంగా ఉంటుంది. వెతికాను, దొరకలేదు.

"నువ్వు నా వెనకే నిలబడి ఉన్నావు. అది తెలుసు నాకు" అన్నాను. "అయినా తెర మీద లేస్తావేమోనని చూస్తూ కూర్చున్నా. లేవలేదు. భయమేసింది. వెనక్కి తిరిగి నిన్ను చూసుకున్నాక గానీ ఊపిరి ఆడలేదు."

ఆయన చేతిలో గుడ్డ అంచు అలాగే ఉంది.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

చెప్పాను.